కాఫీ పడని ఆరోగ్య స్థితులు: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

నిర్వచనం, పరిధి

కాఫీ తాగడం వల్ల ఉన్న జబ్బు ముదిరినా, వేసుకున్న మందు సరిగా పనిచేయకపోయినా, ఒంటికి పట్టవలసిన పోషకం పట్టకుండా పోయినా ఆ ఆరోగ్య స్థితికి కాఫీ పడదని చెప్పాలి. ఇలాంటి స్థితులు మూడు స్థాయుల్లో ఉంటాయి. కొన్నింటిలో కాఫీ పూర్తిగా మానాలి. కొన్నింటిలో రోజువారీ మోతాదు తగ్గించాలి. మిగిలినవాటిలో తాగే వేళ మార్చుకుంటే సరిపోతుంది. మూడో రకమే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మితమైన కాఫీ హాని చేయదని వైద్యశాస్త్రం అంగీకరించింది కాబట్టి ఈ వ్యాసం జబ్బులున్నవారికి, గర్భం, బాల్యం వంటి ప్రత్యేక దశల్లో ఉన్నవారికి పరిమితం.

శ్రీకాకుళం, విజయనగరం అన్నప్పుడు ఇక్కడ పాత ఉమ్మడి జిల్లాలని అర్థం. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. వీటి కొండ ప్రాంతాలలో చాలా భాగం 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఉద్దానం కిడ్నీ వ్యాధి, స్త్రీలలో రక్తహీనత, చుట్టను తిరగేసి పీల్చే అడ్డపొగ అలవాటు, ఒకప్పటి బెరిబెరి ఈ ప్రాంత ఆరోగ్య చరిత్రలో ముఖ్యమైనవి. ఈ నాలుగింటికీ కాఫీతో ఎక్కడో ఒకచోట సంబంధం ఉంది.

కాఫీ రాక

బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ప్రతీతి. తూర్పు కనుమల్లో కాఫీ మొదట 1898లో గోదావరి జిల్లా పాములేరు లోయలో మొలిచింది. నాటించినవాడు బ్రోడీ అనే ఆంగ్లేయుడు. తరువాత అది అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు పాకింది. గిరిజనుల పంటను కొని అమ్మే గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడింది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. విజయనగరం జిల్లా శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే ఈ తోటలు మొదలవుతాయి.

మైదాన ప్రాంతంలో తాగే తీరు వేరు. పట్టణాల్లో ఫిల్టర్ డికాక్షన్, పల్లెల్లో ఇన్‌స్టంట్ పొడి, కొన్ని ఇళ్లలో పొడిని నీళ్లలో మరిగించి గుడ్డతో వడగట్టే బెల్లం కాఫీ వాడుకలో ఉన్నాయి. కూలి పనుల దగ్గర, బడ్డీల్లో టీదే పైచేయి. టీలోనూ కెఫీన్, పాలీఫినాల్స్ ఉంటాయి కాబట్టి ఈ వ్యాసంలో చెప్పినదానిలో చాలా భాగం టీకీ వర్తిస్తుంది. రక్తహీనత విషయంలోనైతే టీ కాఫీ కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

కాఫీలో ఉండేవి, అవి పనిచేసే తీరు

కాఫీ గింజ నుంచి కెఫీన్‌ను 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్‌లీబ్ రుంగే వేరుచేశాడు. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకునేకొద్దీ నిద్ర మత్తు కమ్ముతుంది. అడినోసిన్ అతుక్కోవలసిన గ్రాహకాలను కెఫీన్ ముందుగానే ఆక్రమించడం వల్ల మెలకువ నిలుస్తుంది. అదే కారణంగా ఆడ్రినలిన్ పెరుగుతుంది, రక్తనాళాలు కొంత బిగుస్తాయి, మూత్రం కాస్త ఎక్కువగా వస్తుంది. తాగిన 45 నిమిషాల్లో కెఫీన్ దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది. పెద్దవారిలో దాని సగం మోతాదు కరగడానికి సగటున 5 గంటలు పడుతుంది. ఈ పని చేసేది కాలేయంలోని సైటోక్రోమ్ 1ఏ2 అనే ఎంజైమ్. అది కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరు రాత్రి భోజనం తరువాత కాఫీ తాగి నిద్రపోవడం, ఇంకొకరు సాయంత్రం 4 గంటలకు తాగి తెల్లవార్లూ మేలుకోవడం ఈ తేడా వల్లే.

కెఫీన్ ఒక్కదాన్నే చూస్తే లెక్క తప్పుతుంది. క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్స్ ఇనుమును పట్టి ఉంచుతాయి. కఫెస్టాల్, కాహ్వియోల్ అనే నూనె పదార్థాలు కొలెస్టరాల్ పెంచుతాయి. పొటాషియం కొద్దిగా ఉంటుంది. మన కాఫీలో వీటికి పాలు, పంచదార తోడవుతాయి. పొడిలో కలిసే చికోరీలో కెఫీన్ లేదు. ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. కెఫీన్ తక్కువ చాలనుకునేవారు పొట్లం మీద చికోరీ శాతం చూసుకోవడం మంచిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80–120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50–65 మి.గ్రా., టీలో 30–65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. పెద్దవారికి రోజుకు 300 మి.గ్రా. మించరాదని ఆ సంస్థ సూచన. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో 400 మి.గ్రా. వరకు అనుమతించింది. మన దేశంలో టీ కూడా కలిసి వస్తుంది కాబట్టి 300 హద్దే ఇక్కడివారికి తగినది.

రక్తహీనత

ఈ ప్రాంతంలో కాఫీ వేళ మార్చుకోవలసినవారిలో రక్తహీనులే ఎక్కువ. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ మామూలు స్త్రీలలో 12 గ్రాముల కంటే, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు.

ఆహారంలో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. మాంసం, చేపల్లోని ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది, అది తేలిగ్గా ఒంటబడుతుంది. అన్నం, చోళ్లు (రాగులు), పప్పు, తోటకూర, మునగాకుల్లో ఉండేది మరో రకం. అందులో పట్టేది అసలే కొద్ది. కాఫీలోని పాలీఫినాల్స్ ఆ కొద్దిదాన్నీ పేగులో బంధించి మలంలోకి పంపేస్తాయి. 1983లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో భోజనంతో కాఫీ తాగినప్పుడు ఇనుము శోషణ 39 శాతం, టీ తాగినప్పుడు 64 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల ఏ నష్టమూ కనిపించలేదు. భోజనమైన గంటకు తాగితే మాత్రం నష్టం భోజనంతో తాగినంతే ఉంది. పొట్టలో తిండి ఇంకా అరుగుతూ ఉండటమే ఇందుకు కారణం.

పొద్దున్నే చోడి అంబలి తాగి, ఆ వెంటనే కాఫీ తాగి పనికి వెళ్లే స్త్రీ విషయంలో దీని అర్థం స్పష్టం. అంబలిలోని ఇనుములో ఆమెకు అందవలసిన భాగం తగ్గిపోతుంది. కాఫీ ముందు తాగి గంట ఆగి అంబలి తాగితే ఆ నష్టం ఉండదు. జాతీయ పోషకాహార సంస్థ భోజనానికి కనీసం గంట ముందూ, గంట తరువాతా టీ కాఫీలు వద్దంటుంది. రక్తహీనత ఉన్నవారు భోజనం తరువాత రెండు గంటలు ఆగితే మరీ మేలు. నిమ్మరసం, ఉసిరి, జామపండులోని విటమిన్ సి ఈ నష్టాన్ని కొంత పూడుస్తుంది.

ఇనుము మాత్రలకూ ఇదే నియమం. గర్భిణులకు ప్రభుత్వం 180 రోజులపాటు ఇచ్చే మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వికారం తగ్గుతుందని దాన్ని కాఫీతో మింగితే మాత్ర వేసుకున్న ప్రయోజనం చాలావరకు పోతుంది. ఆశా కార్యకర్తలు మాత్రలు చేతికిస్తూ ఈ ఒక్క మాట తప్పక చెప్పాలి.

కొండ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్, థాలసీమియా కూడా రక్తహీనతే అయినా వాటికి మూలం ఇనుము లోపం కాదు (చూ. సికిల్ సెల్ వ్యాధి). కొన్ని రకాల థాలసీమియాలో ఒంట్లో ఇనుము అతిగా పేరుకుంటుంది కాబట్టి భోజనంతో టీ తాగమని వైద్యులే చెప్పడం ఉంది. సికిల్ సెల్ ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం ముఖ్యం. వారు మంచినీళ్లకు బదులు కాఫీతో సరిపెట్టుకోరాదు.

మూత్రపిండ వ్యాధి, ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల నేల ఉద్దానం. 1990ల నుంచి ఇక్కడ షుగరు, బీపీ లేనివారిలో కూడా మూత్రపిండాలు పాడవడం వైద్యుల దృష్టికి వచ్చింది. నెఫ్రాలజీ నిపుణుడు డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో పరీక్షించిన పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఉన్నట్టు, వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ లేనట్టు తేలింది. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో కష్టం, నొప్పి బిళ్లలు అన్నింటినీ పరిశోధకులు పరిశీలించారు. ఏ ఒక్కటీ మూలకారణమని ఇంకా రుజువు కాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

కాఫీ ఈ వ్యాధికి కారణమని ఏ పరిశోధనా చెప్పలేదు. ఇతర దేశాల్లో పెద్ద సంఖ్యలో జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో కాఫీ తాగేవారికి మూత్రపిండ వ్యాధి వచ్చే అవకాశం కాస్త తక్కువగానే కనిపించింది. మూత్రపిండాల్లో రాళ్ల విషయంలోనూ అంతే. వ్యాధి వచ్చిన తరువాతే కాఫీని లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు చూడవలసినవి పొటాషియం, పాలలోని ఫాస్ఫరస్, నీటి పరిమాణం, రక్తపోటు.

240 మి.లీ. నల్ల కాఫీలో సుమారు 116 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. 100 మి.లీ. పాలలో సుమారు 150 మి.గ్రా. పొటాషియం, 90 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటాయి. అంటే చిక్కటి పాల కాఫీలో పొటాషియం భారం చాలావరకు పాలదే. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజు మొత్తానికి సాధారణంగా 2,000 మి.గ్రా. పొటాషియం హద్దుగా పెడతారు. ఒక కప్పు కాఫీ అందులో చిన్న భాగమే. ఉద్దానంలో ఇంటింటా దొరికే కొబ్బరి బొండం సంగతి వేరు. ఒక్క బొండం నీళ్లలో పొటాషియం 500 మి.గ్రా. దాటవచ్చు. రక్తంలో పొటాషియం హెచ్చితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. కాఫీ మానేసి, ‘చలవ చేస్తుంది’ అని బొండం నీళ్లకు మారిన రోగి చిన్న ప్రమాదం తప్పించుకుని పెద్ద ప్రమాదంలో పడినట్టే. ఉద్దానంలో పథ్యం చెప్పేవారు కాఫీ కంటే ముందు దీన్ని చెప్పాలి.

నీటి లెక్క మరింత కఠినం. డయాలసిస్ రోగికి ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో అంత, దానిపైన 500 మి.లీ. వరకే ద్రవాలు అనుమతిస్తారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారికి రోజుకు ఆ అరలీటరే మిగులుతుంది. 150 మి.లీ. గ్లాసుతో మూడుసార్లు కాఫీ తాగితే 450 మి.లీ. అయిపోయినట్టే. మాత్రలు మింగడానికి కూడా నీళ్లు మిగలవు. తాగితీరాలనుకునేవారు పాలు తగ్గించి, చిన్న కప్పుతో రోజుకు ఒక్కసారి, ఆ రోజు ద్రవాల లెక్కలో కలుపుకుని తాగాలి. వ్యాధి తొలి దశల్లో ఉండి మూత్రం బాగా వస్తున్నవారికి ఈ కట్టడి అవసరం లేదు. వారు రక్తపోటు ఒక్కటి గమనిస్తే చాలు.

తలనొప్పి బిళ్లల్లో చాలావాటిలో కెఫీన్ కలిసి ఉంటుంది. ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్ కలిపిన ఏపీసీ బిళ్లలు ఒకప్పుడు ప్రపంచమంతటా విరివిగా వాడారు. వాటిని ఏళ్ల తరబడి మింగినవారిలో మూత్రపిండాలు పాడైనట్టు తేలాకే ఫెనాసెటిన్‌ను నిషేధించారు. కాఫీ మానినప్పుడు వచ్చే తలనొప్పికి నొప్పి బిళ్లలు మింగడం కిడ్నీ రోగులు చేయకూడని పని (చూ. మానే పద్ధతి).

రక్తపోటు, గుండె జబ్బులు

రక్తపోటు ఉన్నవారు 200–300 మి.గ్రా. కెఫీన్ ఒక్కసారిగా తీసుకుంటే పై అంకె సుమారు 8, కింది అంకె సుమారు 6 పెరిగి మూడు గంటలకు పైగా అలాగే ఉన్నట్టు 2011లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. రోజూ తాగేవారిలో ఈ పెరుగుదల క్రమంగా మందగిస్తుంది. అందువల్ల మందులతో అదుపులో ఉన్న బీపీకి ఒకటి రెండు కప్పులు అడ్డు కాదు. రీడింగు 160/100 దాటినవారి సంగతి వేరు. 2022 చివర జపాన్ నుంచి వచ్చిన దీర్ఘకాల అధ్యయనంలో ఈ స్థాయి రక్తపోటు ఉండి రోజుకు రెండు, అంతకు మించి కప్పులు తాగినవారిలో గుండెజబ్బు, పక్షవాతాలతో మరణించే ప్రమాదం తాగనివారితో పోలిస్తే రెట్టింపు ఉంది. వీరు బీపీ అదుపులోకి వచ్చేవరకు కాఫీ ఆపడం మంచిది. బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ తాగరాదు, పొగ తాగరాదు. లేకుంటే లేని బీపీకి మందు మొదలయ్యే అవకాశం ఉంది.

గుండె దడ ఉన్న ప్రతివారికీ కాఫీ మాన్పించడం పాత పద్ధతి. ఈ అభిప్రాయం ఇటీవల మారుతోంది. 2023లో అమెరికాలో 100 మంది మీద జరిగిన పరీక్షలో కాఫీ తాగిన రోజుల్లో కింది గదుల అదనపు స్పందనలు కొంత పెరిగాయి కానీ పై గదులవి పెరగలేదు. దడ కాఫీ వల్లే వస్తోందా అన్నది రోగి రెండు వారాలు మాని చూస్తే తెలుస్తుంది. ఆడ్రినలిన్ పెరిగితే లయ తప్పే పుట్టుకతో వచ్చిన అరుదైన గుండె జబ్బులు, ఆడ్రినల్ గ్రంథి కణితి ఫియోక్రోమోసైటోమా ఉన్నవారు మాత్రం పూర్తిగా మానాలి. గుండెకు రక్తప్రసారం చూసే కొన్ని స్కానింగుల్లో అడినోసిన్ మందు వాడతారు. దాని పనిని కెఫీన్ అడ్డుకుంటుంది కాబట్టి 12–24 గంటల ముందు నుంచి కాఫీ, టీ ఆపమంటారు.

కొలెస్టరాల్ ఎక్కువున్నవారికి వడపోత ముఖ్యం. కఫెస్టాల్‌ను కాగితపు ఫిల్టర్ దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల కన్నాల్లోంచి అది దిగిపోతుంది. పొడిని మరిగించి వడగట్టకుండా తేర్చి తాగే కాఫీలో అన్నింటికంటే ఎక్కువ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో బహు తక్కువ.

జీర్ణకోశ వ్యాధులు

కాఫీ, కెఫీన్ తీసేసిన కాఫీ రెండూ కడుపులో ఆమ్లాన్ని పెంచుతాయి. అయితే పుండ్లకు ప్రధాన కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, నొప్పి బిళ్లలు. కాఫీ పుండు పుట్టించదు, ఉన్న మంటను పెంచుతుంది. పుండు మానేవరకు, ముఖ్యంగా పరగడుపున, మానడం మేలు. ఛాతీలో మంట ఉన్నవారిలో అన్నవాహిక కింది కండరాన్ని కాఫీ సడలించి ఆమ్లం పైకి తన్నేలా చేయవచ్చు. ఇది అందరిలో జరగదు. పెద్దపేగును కాఫీ కదిలిస్తుంది. విరేచనాలు, పేగు చికాకు వ్యాధి ఉన్నవారికి అదొక ఇబ్బంది.

దక్షిణాదివారిలో పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగనివారు చాలామంది. కాఫీ తాగగానే కడుపుబ్బరం వస్తోందంటే ముందు పాలు లేని కాఫీ తాగి చూడాలి. కాఫీని తప్పుపట్టినవారిలో కొందరికి అసలు పడనివి పాలే.

నిద్ర, మనసు, కళ్లు

పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న 400 మి.గ్రా. కెఫీన్ నిద్రను గంటకు పైగా తగ్గించినట్టు 2013లో ఒక పరీక్ష చూపింది. నిద్రలేమి ఉన్నవారు మధ్యాహ్నం తరువాత తాగరాదు. పానిక్ జబ్బు ఉన్నవారికి అయిదు కప్పులకు సమానమైన కెఫీన్ ఒక్కసారిగా ఇచ్చిన పరీక్షల్లో సుమారు సగం మందికి అక్కడే దాడి వచ్చింది. ఆందోళన, చేతుల వణుకు, హైపర్ థైరాయిడ్ ఉన్నవారు కాఫీ లేకుండా కొన్నాళ్లు గడిపితే తమ లక్షణాల్లో ఎంత భాగం జబ్బుదో, ఎంత కాఫీదో తెలుస్తుంది. గ్లాకోమాలో కంటి ఒత్తిడి కాఫీ తరువాత ఒకటి రెండు మి.మీ. (పాదరసం) పెరగవచ్చు. కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవారు మోతాదు తగ్గించుకోవాలి. మూత్రం ఆపుకోలేనివారికి కూడా తగ్గిస్తే ఉపశమనం ఉంటుంది.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు

గర్భం చివరి నెలల్లో కెఫీన్ సగం కరగడానికి 15 గంటల దాకా పడుతుంది. అది మాయను దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని కరిగించే ఎంజైమ్ కడుపులోని బిడ్డకు ఉండదు. రోజుకు 300 మి.గ్రా. మించి తీసుకునే గర్భిణులు దాన్ని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. గర్భస్రావం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ముప్పులను తగ్గించడం దాని ఉద్దేశం. చాలా దేశాలు 200 మి.గ్రా. హద్దు పాటిస్తున్నాయి. రక్తహీనత కూడా ఉన్న గర్భిణికి ఒక కప్పు, అదీ భోజనానికీ మాత్రకూ దూరంగా, సరిపోతుంది. నవజాత శిశువులో కెఫీన్ సగం కరగడానికి 80 గంటల వరకు పట్టవచ్చు. బిడ్డ చికాకుగా, నిద్ర లేకుండా ఉంటే తల్లి కాఫీ తగ్గించి చూడాలి. చిన్నపిల్లలకు కాఫీ అలవాటు చేయరాదు. పాలు తాగడం లేదని వాటిలో కాఫీ పొడి కలిపి ఇచ్చే అలవాటు పిల్లల నిద్రనూ ఇనుమునూ రెండింటినీ దెబ్బతీస్తుంది.

అడ్డపొగ, నోటి వ్యాధులు

చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉత్తర కోస్తా పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, తరాలుగా ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అంగిలి మచ్చలకూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచానికి తెలియజేసింది (చూ. నోటి క్యాన్సర్).

కాఫీతో దీనికి రెండు సంబంధాలున్నాయి. మొదటిది వేడి. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. అదే సమీక్షలో కాఫీ మీద ఉన్న పాత అనుమానాన్ని తొలగించింది. దోషం వేడిది, కాఫీది కాదు. పొగతో అంగిలి కాలి, మచ్చలు, పుండ్లు ఉన్నవారు పొగలు కక్కే కాఫీ మానాలి, గోరువెచ్చగా తాగాలి. రెండోది అంతగా తెలియనిది. పొగాకు పొగలోని తారు పదార్థాలు కాలేయ ఎంజైమ్‌ను ఉసిగొల్పి కెఫీన్‌ను దాదాపు రెట్టింపు వేగంతో కరిగిస్తాయి. అందుకే పొగతాగేవారు ఎక్కువ కాఫీ తట్టుకుంటారు. పొగ మానిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం తగ్గి, అదే కాఫీ రక్తంలో రెట్టింపు కెఫీన్ నిలుపుతుంది. దడ, చిరాకు, నిద్రలేమి వస్తే పొగ మానడం వల్లే అనుకుని చాలామంది మళ్లీ చుట్ట ముట్టిస్తారు. పొగ మానేవారు అదే వారంలో కాఫీని సగానికి తగ్గించాలి.

బెరిబెరి, థయమిన్ లోపం

19వ శతాబ్దంలో ఈ జిల్లాలున్న ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. సైన్య వైద్యుడు జాన్ మాల్కంసన్ 1835లో మద్రాసులో ప్రచురించిన గ్రంథం ఈ జబ్బు మీదే. మరపట్టిన బియ్యంలో థయమిన్ (బి1 విటమిన్) పోవడమే కారణమని తరువాత తేలింది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టిన బెరిబెరి విచారణ విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కాఫీలోని పాలీఫినాల్స్ థయమిన్‌ను కూడా నిర్వీర్యం చేస్తాయి. మామూలు భోజనం చేసేవారికి ఇది సమస్య కాదు. పాలిష్ బియ్యం తప్ప మరేమీ సరిగా తిననివారు, మద్యపానం ఉన్నవారు, పథ్యం పేరుతో పప్పు, కూరలు మానిపించిన బాలింతలు దీనికి లోనవుతారు. బాలింతకు థయమిన్ తక్కువైతే పాలు తాగే బిడ్డకు కూడా తక్కువవుతుంది. అలాంటివారికి కాఫీ వేళ మార్పు కంటే పథ్యం మార్పు ముఖ్యం.

మందులతో పొత్తు

థైరాయిడ్ మాత్ర లీవోథైరాక్సిన్‌ను కాఫీతో మింగితే సరిగా ఒంటబట్టదు. నీళ్లతో మింగి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. పొద్దున లేవగానే మాత్ర, వెంటనే కాఫీ అలవాటున్నవారిలో మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ అనే హార్మోన్ స్థాయి దిగకపోవడానికి ఇదొక కారణం. ఎముకల మందు అలెండ్రోనేట్ కాఫీతో మింగితే శోషణ 60 శాతం తగ్గుతుంది. ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ కెఫీన్‌కు దగ్గరి చుట్టం, రెండూ కలిస్తే వాంతులు, దడ, తీవ్రమైతే మూర్ఛ. సిప్రోఫ్లాక్ససిన్, ఫ్లూవోక్సమిన్ కెఫీన్ కరగకుండా ఆపుతాయి. ఆ మందులు వాడే రోజుల్లో కాఫీ తగ్గించాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కూడా కెఫీన్ రెట్టింపు సేపు నిలుస్తుంది. లిథియం, క్లోజపిన్ వాడే మానసిక రోగులు కాఫీని ఒక్కసారిగా మానినా, పెంచినా రక్తంలో మందు స్థాయి మారుతుంది. వారు వైద్యుడికి చెప్పకుండా అలవాటు మార్చుకోరాదు.

భయపడనక్కరలేని స్థితులు

కాలేయ వ్యాధుల్లో కాఫీ మేలు చేస్తుందన్న ఆధారాలు బలంగా ఉన్నాయి. సిర్రోసిస్ బాగా ముదిరినవారిలో మాత్రం కెఫీన్ నెమ్మదిగా కరుగుతుంది. కాఫీ తాగేవారికి రెండో రకం మధుమేహం వచ్చే అవకాశం తక్కువ. వచ్చిన తరువాత చూసుకోవలసింది పంచదార. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పులైతే 30 గ్రాములవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 25 గ్రాముల మేలైన హద్దు దానితోనే దాటిపోతుంది. బెల్లం వేసినా చక్కెర లెక్క మారదు.

మానే పద్ధతి

రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే 12–24 గంటల్లో తలనొప్పి, నీరసం, చిరాకు మొదలై ఒకటి రెండు రోజుల్లో తీవ్రమవుతాయి. రెండు నుంచి తొమ్మిది రోజుల్లో అవే పోతాయి. వారం నుంచి రెండు వారాలపాటు రోజుకు కొంచెం కొంచెంగా తగ్గిస్తే ఈ బాధ ఉండదు. డికాక్షన్ పలచన చేయడం, చికోరీ శాతం పెంచడం, సాయంత్రపు కప్పును ముందుగా మానడం సులువైన దారులు. శొంఠి, ధనియాలు, జీలకర్ర కషాయాల్లో కెఫీన్ లేదు. డయాలసిస్ రోగులు వాటినీ ద్రవాల లెక్కలో కలుపుకోవాలి. కెఫీన్ తీసేసిన కాఫీ నిద్రలేమికి, దడకు పనికొస్తుంది కానీ పాలీఫినాల్స్ అందులోనూ ఉంటాయి కాబట్టి రక్తహీనత ఉన్నవారు దానికీ అదే వేళ పాటించాలి.